నిదానం లేని సాక్షి

ఆ కబురు మొదట నాకు తెచ్చింది పూల సరోజ. పెన్నాగరం వైపు నుంచి పొద్దున్నే మల్లెమొగ్గల మూటతో బస్సు దిగి, తమిళనాడు ధర్మపురిలో మా వీధి ఇళ్ళన్నిటికీ పూలు వేసి పోతుంది. ఆ రోజు మూట విప్పకుండానే గుమ్మంలో కూలబడింది.

"రుక్కమ్మక్కా, విన్నావా? ఏరియూరు గంగమ్మవ్వకు బుద్ధి చెడిపోయిందంట. పెద్దకొడుకు మునిరాజే కోర్టులో కేసు వేసినాడంట."

విని, అయ్యో అనుకుని, పూలు దేవుడికి పెట్టి ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. మేలు చేయబోయి, దేవుడి మీద ప్రమాణం చేసి, నిండు కోర్టులో ఒక ముసలమ్మ ఇంటికప్పు ఒక్క మాటతో ఊడబెరకబోయాను. ఆ కథే ఇది. మీరు నవ్వుకోండి, తప్పులేదు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

గంగమ్మవ్వ ఎవరో చెప్పాలి. ఏరియూరులో ఆవులూ గొర్రెలూ పెట్టుకుని బతికే మనిషి. మా పచారీ అంగడికి మా తాతల కాలం నుంచి వాళ్ళింటి వెన్నే వచ్చేది. చిన్నకొడుకు పోయాక ఆమెను కనిపెట్టుకుని ఉన్నది అతని భార్య నీల. తను పోయినాక ఈ పిల్ల ఎక్కడికి పోతుందనే దిగులుతో అవ్వ తనుండే ఇల్లూ, దాని వెనక కొట్టమూ, చేనూ నీల పేర రిజిస్టరు చేసింది. మునిరాజుకు అంతకుముందే వేరే భాగం ఇచ్చేసింది. అయినా అతను, "మా అమ్మకు పత్రం రాసినప్పుడు తెలివి లేదు, మరదలు మోసం చేసింది" అని కేసు వేశాడు. కోర్టు అవునంటే నీల కట్టుబట్టలతో, ఆవుల పలుపులు చేతబట్టుకుని రోడ్డెక్కాలి. అవ్వ కళ్ళముందే.

అప్పటి నా సంగతి కూడా చెప్పాలి. నేను బడి మొహం చూసినదాన్ని కాను. మా నాన్న అంగడి వెనక గదిలో పప్పు మూటల మధ్య కూర్చోబెట్టి నాకు తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆ పుణ్యానికి ఈనాటికీ రోజూ ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను. మా ఊళ్ళో తెలుగువాళ్ళం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, గడప దాటితే తమిళమే. తెలుగు చదవగలిగినవాళ్ళను వెతకాలి. అందుకని పాత పత్రాలూ, ఆంధ్రా పక్కనుంచి వచ్చిన పెళ్ళి పత్రికలూ నా దగ్గరికే తెచ్చేవారు. "అమ్మకు తెలియనిది లేదు" అనేవారు. ఎదుటివాళ్ళు మర్యాదకు అన్న మాటను నేను రసీదు లాగా దాచుకునేదాన్ని.

అవ్వ బుద్ధి ఎలా ఉందో చూసి చెప్పమని కోర్టు ఒక మనోవైద్యుణ్ణి నియమించింది. డాక్టర్ అరుళ్. దక్షిణ తమిళ జిల్లాలనుంచి వచ్చిన మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. అవ్వకు సంతలో బేరం చేసేంత తమిళం బాగా వచ్చు గానీ మనసు కలత పడితే నోటికి తెలుగు తప్ప రాదు. చుట్టరికం లేని మనిషి ఎవరైనా ఆమె మాటలను తమిళంలోకి మార్చి చెప్పాలన్నారు. అవ్వ తరఫు లాయరు కయల్ అనే చిన్నపిల్ల మా ఇంటికి వచ్చి అడిగింది. నేను "ఆలోచించి చెబుతాను" అన్నాను. ఆ మాట అంటూనే ఏ చీర కట్టుకోవాలో ఆలోచిస్తున్నాను.

ఆస్పత్రి గదిలో డాక్టరు నిమ్మళంగా మొదలుపెట్టాడు.

"ఈ రోజు ఏ వారమో అడగండమ్మా."

"అవ్వా, ఈ పొద్దు ఏ వారం?" అన్నాను.

"ఏం, నీకు మతి పోయిందా? శుక్రవారం దీపం పెట్టి వచ్చేటప్పటికి ఆలస్యమాయెనని ఇప్పుడే గదా నాతో చెప్పినావు!"

"శుక్రవారం అంటున్నారు సార్" అని నేను తమిళంలో చెప్పాను.

డాక్టరు తలెత్తాడు. "ఆమె చాలా మాట్లాడారు. మీరు ఒక్క ముక్కే చెప్పారు."

"మిగతాదంతా నన్ను తిట్టడం సార్."

"తిట్టు కూడా నాకు కావాలమ్మా. ఒక్కటీ వదలకుండా చెప్పండి."

చెప్పాను. నన్ను నేనే తిట్టుకుంటూ చెప్పడం అదే మొదలు. ఆయన వినయంగా రాసుకున్నాడు.

"వందలో ఏడు తీసేస్తే ఎంత మిగులుతుందో అడగండి."

అవ్వ కళ్ళు చిన్నవయ్యాయి. "ఎవరు తీసినారు?"

"ఎవరూ తీయలేదవ్వా. ఊరికే లెక్క."

"ఊరికే ఏడు గొర్రెలు పోతాయా? నక్క ఎత్తుకుపోయిందా, దొంగ తోలుకుపోయినాడా, లేకుంటే మా మునిరాజు తీసినాడా? అది ముందు తేల్చు. మిగిలినవి యాడికి పోతాయి, తొంభైమూడు మందలోనే ఉంటాయి."

ఈసారి నేను ఒక్క ముక్క వదలలేదు. డాక్టరు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. తర్వాత ఒకసారి, నేను లేకుండా, ఆయనే ఏరియూరు వెళ్ళి అవ్వ పాలు పితుకుతుంటే, గొర్రెలను ఎంచుతుంటే, నీల మీద అరుస్తుంటే పక్కన కూర్చుని చూసి వచ్చాడట. భాష తెలియనిచోట ఏం చూశాడో అని నాలో నేను నవ్వుకున్నాను.

విచారణ రోజు వచ్చింది. పత్రం రాసిన రోజు అవ్వ వెంట ఉన్నదాన్ని, ఆస్పత్రిలో దుబాసీగా కూర్చున్నదాన్ని గనుక నన్నూ సాక్షిగా పిలిచారు. ముందు డాక్టరును బోనెక్కించారు. నా వంతు రాలేదు గనుక నేను బయట వరండాలో ఉన్నాను. తలుపు తెరిచే ఉంది, అంతా వినబడుతోంది. మునిరాజు లాయరు నెరిసిన జుట్టు పెద్దమనిషి. ఆయన గొంతు గుడి గంటలా మోగుతుంది.

"డాక్టర్, మీకు తెలుగు తెలుసా?"

"తెలియదు."

"పత్రం రాసిన రోజు గంగమ్మగారి బుద్ధి ఎలా ఉంది?"

"ఆ రోజు నేను లేను. తెలియదు. నేను చూసిన రోజుల్లో మాత్రం సరిగా ఉంది. అంతకుముందు జబ్బు ఉండేదనడానికి నాకు ఏ గుర్తూ దొరకలేదు."

"మీ అంచనా తప్పు కావచ్చునా?"

"కావచ్చు. ఎవరి అంచనా అయినా కావచ్చు. అందుకే ఒక్కసారి చూసి తేల్చలేదు."

వరండాలో నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత చదువు చదివి, తెల్లకోటు వేసుకుని, అడిగినదానికల్లా తెలియదు, తెలియదు అంటాడేమిటి ఈ మనిషి! పక్కనున్న నీలతో అన్నాను, "నువ్వేం దిగులుపడవాక. నేను పోయి అన్నిటికీ జవాబు చెప్తాను."

నీల నా చెయ్యి పట్టుకుంది. "నీ మాటమీదే ఉండాదక్కా మా ఇల్లు" అంది.

లోపలికి పోయేముందు కయల్ నా చెవిలో, "అక్కా, అడిగినదానికి మట్టుకే జవాబు. అవును, కాదు. అంతే" అని తమిళంలో ప్రాధేయపడింది. చిన్నపిల్ల, భయపడుతోంది అనుకున్నాను.

ప్రమాణం చేశాను. కయల్ నాలుగు ప్రశ్నలు అడిగి కూర్చుంది. పెద్ద లాయరు లేచి నాకు చేతులు జోడించాడు. "అమ్మా, మీరు బాగా తెలిసినవారని ఊరంతా చెబుతుంది."

వేడి అన్నం మీద నెయ్యి కరిగినట్టు కరిగిపోయాను.

"దేవుడి మీద ప్రమాణం చేశారు. గంగమ్మగారిలో మీకు ఏ లోపమూ కనిపించలేదా? ఒక్కటైనా?"

ఇక్కడే చదివేవాళ్ళు నా పక్కన ఒక్క క్షణం నిలబడాలి. లోపం లేని మనిషి ఉంటుందా? లేదంటే దేవుడి ముందు అబద్ధమాడినట్టు కాదా? పైగా చిన్న లోపం ఒకటి ఒప్పుకుంటే మిగతా మాటలు నమ్ముతారని కూడా ఒక తెలివి తోచింది. అవ్వ చిన్న లోపం అందరికీ తెలిసిందే. ప్రతిదానికీ తొందర. బస్సు ఆగకముందే దిగుతుంది, పాలు పొంగకముందే దించుతుంది. మనం ఇంట్లో ఏమంటాం? ఆమెకు నిదానం లేదంటాం.

నేను దాన్ని ఉన్నదున్నట్టు తమిళంలో పెట్టాను.

"బంగారంలాంటి మనిషి అయ్యా. ఒక్కటే, నిదానం ఇల్లై."

తమిళంలో కూడా నిదానంగా పొమ్మంటే మెల్లగా పొమ్మనే. మా అంగడికి వచ్చే ఆడవాళ్ళు ఆ మాట అలాగే వాడతారు, నేనూ అంతే విన్నాను. కానీ ఒక మనిషిని చూపించి 'నిదానం ఇల్లై' అంటే అది వేరే సంగతి. ఒంటిమీద తెలివి లేదని, తనేం చేస్తున్నాడో తనకు తెలియని స్థితిలో ఉన్నాడని. సారా కొట్టు దగ్గరా, పోలీసు స్టేషన్లోనూ, కోర్టులోనూ ఆ మాటకు అదే అర్థం. ఆ మూడు చోట్లకూ నేను అంతవరకు పోయిన పాపాన పోలేదు.

బొమ్మిడి లాంటి చిన్న స్టేషన్లో ఆగని రైలు ఏదో ఆగితే ప్లాట్‌ఫారం మీది జనం చూసే చూపు ఉంటుందే, అందరూ నన్ను అలా చూశారు. నా మాటకు బరువు ఉంది కాబోలు అనుకున్నాను.

పెద్ద లాయరు గొంతు ఒక్కసారి తేనెలో ముంచినట్టయింది. "నిదానం లేదా అమ్మా?"

"లేదయ్యా."

"ఎప్పటినుంచి?"

"పుట్టినప్పటినుంచీ. వాళ్ళమ్మకు కూడా లేదని చెప్పుకుంటారు."

"ఓహో. వంశంలోనే. పత్రం మీద వేలిముద్ర వేసిన రోజు మీరు ఆమె వెంట ఉన్నారా?"

"నేనే గొడుగు పట్టుకుని వెంట వెళ్ళాను."

"ఆ రోజు నిదానం ఉందా?"

"ఆ రోజు బొత్తిగా లేదయ్యా!" అన్నాను చేతులు తిప్పుతూ. "రిజిస్ట్రారు చదివి వినిపిస్తూనే ఉన్నారు, ఈమె సిరాలో వేలు ముంచేసి, ఎక్కడ వెయ్యాల, పాలు పితికే పొద్దయింది అని ఒకటే గోల."

కయల్ లేచి నిలబడి నావైపు చూస్తూ చేతిని గాలిలో అడ్డంగా ఊపుతోంది. ముఖం తుడుచుకోమంటోంది కాబోలని కొంగు తీసి శుభ్రంగా తుడుచుకున్నాను.

జడ్జిగారు కలం ఆపారు. "అమ్మా, మీరు చెప్పేది ఎంత పెద్ద మాటో తెలిసే చెబుతున్నారా?"

ఆయన నా మీద జాలిపడుతున్నాడని అప్పుడు తెలియలేదు. ముసలమ్మను మరీ తక్కువ చేశానేమోనని ఆయన నొచ్చుకున్నాడనుకుని సర్దిచెప్పబోయాను. "ఇందులో పెద్ద మాట ఏముందయ్యా? మావాళ్ళలో సగంమందికి లేదు. నాకే లేదు! పెళ్ళయిన నాటినుంచీ మా ఆయన ఆ మాటే అంటుంటారు."

వెనక బల్లల మీద జనం గొల్లున నవ్వారు. జడ్జిగారు బల్ల మీద చేత్తో కొట్టారు. ఆ చప్పుడు ఆగేలోపల గంగమ్మవ్వ లేచింది.

"ఏమే రుక్కమ్మా! నేను తాగినానా?"

"లేదవ్వా, నేనెప్పుడు..."

"మరేంటికి ఆ మాట అంటావు? సంతలో సారా తాగి బురదలో దొర్లేవాణ్ణి చూసి అంటారే ఆ మాట! నా ఇంటి వెన్న ఇన్నేండ్లు తిన్నావే, దానికి ఇదేనా? ఏ పొద్దయినా ఆ పప్పు మూటలు దాటి బయటికి వచ్చినావా నువ్వు? అయ్యా, జడ్జయ్యా! దీనికి తమిళం రాదు, దీన్ని దించండి!"

నా వెనకే లోపలికి వచ్చిన నీల ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ దీపం ముందు కళ్ళు మూసుకున్నప్పుడు వచ్చి నిలుస్తుంది. నాకు అప్పుడు అర్థమైంది ఏం చేశానో. బోను కొయ్య పట్టుకున్నాను.

అప్పుడు వెనక నుంచి డాక్టర్ అరుళ్ లేచి నిలబడి, ఒక్క మాట చెప్పడానికి అనుమతి అడిగాడు.

"అయ్యా, తప్పు నాది. ఈమె ఆస్పత్రిలో కూడా ఆ ముసలమ్మ గురించి ఇదే మాట అన్నారు. ఎలా లేదో చూపించమని అడిగాను. వంటింట్లో తొందరగా పని చేసే మనిషిలా చేసి చూపించారు. తెలుగులో దాని అర్థం తొందరపాటు అని నాకు ఆ రోజే తెలుసు. కోర్టులో ఆ మాటకు వేరే అర్థం ఉందని ఈమెను ముందే హెచ్చరించాల్సింది నేను. మరిచిపోయాను."

నిజమే. ఆ రోజు చేసి చూపించాను. నాకే గుర్తులేదు.

పెద్ద లాయరు ఎదురుచూసినది దొరికినట్టు తిరిగాడు. "డాక్టరుగారు తన పనిలో తప్పు చేశానని అందరి ముందు ఒప్పుకుంటున్నారు. ఇది రాసుకోవాలి."

"రాసుకోండి" అన్నాడు డాక్టరు. గొంతు మారలేదు. ఆ రెండు ముక్కలకు ఆయన ఉద్యోగానికే ముప్పు రావచ్చునని నాకు తర్వాత తెలిసింది. ఆయనకు అప్పుడే తెలుసు.

"ఇప్పుడు ఎవరు ఏం సర్దిచెప్పినా సాక్షి అన్న మాట అన్నదే" అన్నాడు పెద్ద లాయరు. "నిదానం లేదన్నది. పత్రం రోజూ లేదన్నది. ఆ మాట అలాగే ఉండాలి."

కయల్ లేచింది. అంతవరకు వణుకుతున్న పిల్ల, ఎక్కడినుంచి వచ్చిందో ధైర్యం.

"ఉండనివ్వండయ్యా. అంతా ఉండనివ్వండి. కానీ తనకు కూడా నిదానం లేదని సాక్షి ఒప్పుకుంది, భర్తే చెబుతాడని కూడా చెప్పింది. పెద్ద లాయరుగారు ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఆ మాటకు తొందర అని అర్థమైతే మా గంగమ్మ బుద్ధి సరిగా ఉంది. తెలివి లేదని అర్థమైతే ఈ సాక్షికీ తెలివి లేదు, తెలివి లేని మనిషి సాక్ష్యాన్ని పట్టుకుని ఆయన ఎలా వాదిస్తారు?"

పెద్ద లాయరు చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టాడు. నన్ను చూశాడు. అందరూ నన్ను చూశారు. నేను తెలివి ఉన్న మనిషినో లేని మనిషినో కోర్టు తేల్చేవరకు బోనులో నిలబడి ఉన్నాను. మా నాన్న ముందే పోవడం మంచిదైందని జీవితంలో ఆ ఒక్కసారి అనుకున్నాను.

జడ్జిగారు అడిగారు, "అమ్మా, మీ తెలుగులో నిదానానికి ఎదురు మాట ఏమిటి?"

"తొందరయ్యా."

ఆయన రాసుకున్నారు. "ఇక దిగండమ్మా. నిదానంగా."

నేను ఎంత తొందరగా దిగానంటే, మెట్టు ఒకటి ఉందన్న సంగతి నేలమీద కూర్చున్నాక తెలిసింది.

తీర్పు చాలా నాళ్ళకు వచ్చింది. అందాకా గంగమ్మవ్వ నాతో మాట్లాడలేదు, వెన్న మాత్రం పంపింది. పత్రం చెల్లుతుందని, ఇల్లూ చేనూ నీలవేనని కోర్టు చెప్పింది. కయల్ మా ఇంటికి వచ్చి ఆ కాగితాలు చదివి వినిపించింది. తనకు తెలియనిది తెలియదని, తన తప్పును తప్పని దాచకుండా చెప్పిన వైద్యుడు గనుక, ఆయన తెలుసునని చెప్పినదాన్ని నమ్మడానికి కోర్టుకు ఇబ్బంది లేదని జడ్జిగారు రాశారు.

"నా గురించి ఏమైనా రాసినారా?" అని అడిగాను.

కయల్ చివరి కాగితం తిప్పింది. "రాసినారక్కా. రెండో సాక్షి మాటను ఏ పక్షానికీ లెక్కలోకి తీసుకోలేదని."

ఆ మాట విని నేను దేవుడికి సాష్టాంగపడ్డాను. నన్ను లెక్కలోంచి తీసేయడమే ఆ స్వామి ఆ కుటుంబానికి నా చేత చేయించిన మేలు.

ఆ సాయంత్రం దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో కోర్టు గడప తొక్కను. తొక్కవలసి వస్తే అవును, కాదు తప్ప మూడో ముక్క మాట్లాడను. ఎవరైనా చేతులు జోడించి నువ్వు బాగా తెలిసినదానివంటే అక్కడినుంచి లేచి పోతాను. మా ఆయన గురించి ఏ జడ్జిగారి ముందూ, ఏ భాషలోనూ ఒక్క ముక్క చెప్పను.

డాక్టరు ఆ రోజు ఒప్పుకున్న మాట పట్టుకుని మునిరాజు ఆయన మీద పైవాళ్ళకు ఫిర్యాదు రాశాడు. అది కొట్టేసేవరకు ఆయన చాలా తిరగవలసి వచ్చిందట. ఆ తిరుగుడు నా మాట వల్ల. క్షమాపణ చెప్పడానికి పోతే, "తిట్టు కూడా వదలకుండా చెప్పారు కదమ్మా, అంతకన్నా నమ్మకమైన దుబాసీ నాకు దొరకదు" అన్నాడు. తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడో నాకు తెలియదు.

మీలో దీపం పెట్టేవాళ్ళు ఉంటారు, పెట్టని వాళ్ళూ ఉంటారు. ఏ రీతిగానైనా సరే, పడుకునేముందు ఒక్కసారి డాక్టర్ అరుళ్‌ను తలచుకోండి. ఏరియూరులో నీల ఇంట్లో ఈ పూట పొయ్యి వెలిగింది.